దొరయ్య తెచ్చిన టేపు గొట్టం

రెండువేల పదిహేడో సంవత్సరం, భాద్రపదం వానలు పడుతున్నాయి. దొరయ్య తమ్ముడు కొండలికి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసిందంట. ఏ దొరయ్య అంటారా, మండపేట అవతల సీలింగు పనులు చేయించే దొరయ్య. పెద్ద కాంట్రాక్టరేం కాదు. తనూ, కొండలని పిలిచే ఈ తమ్ముడు ఏడుకొండలూ, ఇంకో ఐదారుగురు మనుషులూ, బోర్డులు మోసుకెళ్ళడానికి ఓ ట్రాలీ ఆటో, అంతే. సీలింగు పనంటే తెలుసుగా, కప్పు కింద ఇనప పట్టీలు కట్టి తెల్లటి జిప్సం బోర్డులు బిగిస్తారు. బిగించేక బోర్డుకీ బోర్డుకీ మధ్య సందు కనపడుతుంది. ఆ సందులో పుట్టీ మెత్తి, దాని మీద కాయితం టేపు అంటించి, రేకుతో నొక్కి, ఆరేక మళ్ళీ పుట్టీ, అదీ ఆరేక ఇంకోసారి. చెప్పడానికి ఇంతే. చేసేవాడు మాత్రం పొద్దున్నించీ సందేళ దాకా పరంజా మీద నిలబడి, మెడ వెనక్కి విరిచి, చెయ్యి పైకెత్తే ఉంచాలి. మీరు ఓసారి ఎత్తి ఉంచండి చూద్దాం, నేనీ కథ చెప్పినంతసేపూ. ఆఁ, అప్పుడే దింపేసేరా? కొండలు పెళ్ళి కాకముందు నించీ ఎత్తుతూనే ఉన్నాడు.

అలా ఎత్తీ ఎత్తీ ఆ భుజం కాస్తా పోయింది. తల దువ్వుకోడానికి కూడా చెయ్యి లేవదు, పెళ్ళాం లోవలక్ష్మి దువ్వాలి. చొక్కా ఆవిడే తొడగాలి. డాక్టరు దగ్గరికెళ్తే ఆయనేమన్నాడంటే, చెయ్యెత్తే పని మానెయ్యవయ్యా, మానకపోతే ఆ కాస్తా కూడా ఉండదు అన్నాడంట. దానికి కొండలు, చెయ్యెత్తకుండా చేసే పని నాకేం వచ్చండీ, దండం పెట్టడం కూడా సగమే వస్తుందిప్పుడు, అని నవ్వేడంట. వాడు నవ్వేడు గానీ పక్కన కూర్చున్న దొరయ్యకి నవ్వు రాలేదు. ఎందుకొస్తుంది? వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. ఆయన పోయేక తమ్ముణ్ణి బడి మాన్పించి పరంజా ఎక్కించింది తనే. ఎక్కించినవాడు దింపాలి కదా. దింపితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, దింపకపోతే చెయ్యి ఉండదు. 

అప్పుడేమైందంటే, మిల్లు పుల్లంరాజుగారు కల్యాణ మండపం కట్టిస్తున్నారు. సీలింగు పని దొరయ్యకి ఇచ్చేరు. కార్తీకంలో మొదటి పెళ్ళి ఆయన మనవరాలిదే, ఈలోగా పూర్తయిపోవాలి. హాలు చూస్తే ఇంత పొడుగు, అంత వెడల్పు, పైనంతా సందులే. కొండలు లేకుండా ఆ పని కాదు. కొండలు చేస్తే కొండలు ఉండడు. ఇదే ఆలోచనలో ఉన్నవాడికి ఎవడో ఫోనులో బొమ్మ చూపించేడంట. ఎక్కడో దేశంలో ఒక మనిషి నేల మీద నిలబడి, మనిషంత గొట్టం ఒకటి రెండు చేతులా నడుం దగ్గర పట్టుకుని, దాని మూతి కప్పుకి ఆనించి నడుచుకుంటూ పోతున్నాడు. పుట్టీ, టేపూ రెండూ కలిసి దాని నోట్లోంచి వచ్చి అంటుకుపోతున్నాయి. పరంజా లేదు, చెయ్యెత్తడం లేదు. దొరయ్య ఆ బొమ్మ మళ్ళీ మళ్ళీ వేయించుకు చూసేడంట. ఫోనువాడికి విసుగొచ్చి, మావా నా ఫోను చార్జింగు అయిపోతోంది అని లాక్కున్నదాకా చూసేడు.

ఇంకేముంది, తమ్ముణ్ణి వెంటేసుకుని విజయవాడలో ఈ పనిముట్లు అమ్మే కొట్టుకి వెళ్ళేడు. కొట్టాయన మంచోడే, ఆ మాట ముందే చెప్పాలి. తరవాత అందరూ ఆయన్నే తిట్టేరు గానీ ఆయన చెప్పాల్సింది చెప్పేడు. బల్ల మీద రెండు రకాలు పెట్టేడంట. ఒకటి చేతిలో పట్టే చిన్న పెట్టి. అందులో పుట్టీ పోసి టేపు చివర లాగితే పుట్టీ పూసుకుని బయటికొస్తుంది. రెండోది ఆ గొట్టం. "మేస్త్రీగారూ, చిన్న పనులు చేసుకునేవాళ్ళకి ఈ పెట్టి చాలండి. ఇందులో చెడిపోడానికి ఏమీ లేదు. దీంతో పాటు రెండు మంచి రేకులూ, మూలలకి ఓ రోలరూ తీసుకెళ్ళండి. పని పెరిగేక గొట్టం సంగతి చూద్దాం" అన్నాడంట. దొరయ్య పెట్టిని ఇటు తిప్పి అటు తిప్పి అడిగేడంట. "లాగిన టేపు పైన ఎవరంటించాలి?" "మనిషేనండి." "పరంజా ఎక్కా?" "ఎక్కాలి మరి." "చెయ్యెత్తా?" "ఎత్తకుండా కప్పుకెలా అంటుకుంటుందండీ, అదేమైనా బల్లా?" "అయితే అది నాకొద్దు. గొట్టమియ్యి."

కొట్టాయన గొట్టం చేతికిస్తూ, "ఇది పాలిచ్చే గేదె లాంటిదండి. పొద్దుటా సాయంత్రం మనిషి చెయ్యి పడాలి. పని దిగగానే నీళ్ళు పెట్టి లోపలంతా కడిగెయ్యాలి, రేపు చూద్దాం అంటే కుదరదు. బకెట్లో వచ్చే మెత్త పుట్టీయే పొయ్యండి. మూటల్లో పొడి ఉంటుంది చూడండి, నీళ్ళు పోసి కలుపుతారు, అది మాత్రం దీన్లో పోయకండి, గంటలో రాయైపోతుంది. లోపల సన్న తీగలున్నాయి, చక్రాలున్నాయి, టేపు కోసే బ్లేడుంది. ఈ పైన తొడుగు కిందికి లాగితే ఆ బ్లేడు టపీమని కోస్తుంది, వేళ్ళు జాగ్రత్త" అన్నాడంట. దొరయ్యకి చిర్రెత్తుకొచ్చింది. పుట్టీలో పుట్టి పుట్టీలో పెరిగినవాణ్ణి, నాకు పుట్టీ గురించి చెప్తున్నావా అన్నాడు. కొండలు చొక్కా పట్టుకు లాగి, అన్నయ్యా, పెట్టి తీసుకుందాం, నేనెలాగో ఎక్కుతాన్లే అన్నాడంట. "నువ్వు నోర్ముయ్యి. నీకోసం కొంటుంటే నువ్వే అడ్డమా?" ఆ గొట్టం కోసం దొరయ్య ట్రాలీ ఆటో అమ్మేసేడు.

ఇక్కడ కాసేపు బాగుంటుంది కథ, వినండి. గొట్టం పని చేసింది. చెయ్యక కాదు. మొదట్లో టేపు వంకర పోయేది, పుట్టీ నెత్తిన కారేది, కూడా ఉన్నవాళ్ళు కొండలిని చూసి, ఏరా పెళ్ళికొడకా తలంబ్రాలు పోయించుకున్నావా అని ఏడిపించేవారంట. అలవాటైపోయేక ఏం చెప్పను, హాలు ఈ చివర మొదలెట్టి ఆ చివర తేలేవాడు, నేల మీద కాళ్ళుండగానే. సాయంత్రం పంపు కింద పెట్టి దాన్ని కొండలే కడిగేవాడు, పసిపిల్లకి తలంటినట్టు. ఒకరోజు పొద్దున్న లోవలక్ష్మి దువ్వెన పట్టుకుని వస్తే, ఇలా ఇయ్యి అని పుచ్చుకుని తనే దువ్వుకున్నాడంట. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడిపోయి చూసిందంట. దొరయ్యకి ఆ సంగతి చెప్పడానికి చెంగు నోటికడ్డం పెట్టుకుని వాళ్ళింటికి పరిగెత్తుకొచ్చింది. దొరయ్య ఆ పూట రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడంట. వాడు సుఖంగా తిన్న తిండి అదే అనుకో.

ఇంతలో దసరా వచ్చింది. మా తాపీ పనివాళ్ళలో ఒక పద్ధతుంది. నవమి నాడు పనిముట్లన్నీ కడిగి, పసుపూ కుంకం పెట్టి అమ్మవారి ముందు పెడతాం. అయితే ఖాళీగా పెట్టం, పెడితే ఏడాదంతా పని దొరకదంటారు. తాపీ మీద ఒక ముద్ద ఉండాలి, సున్నమో సిమెంటో. ఆ రోజు మేస్త్రి తన చేత్తో కలిపిన ముద్ద. దశమి వెళ్ళి ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తరవాత తాపీని రాయికేసి ఓ దెబ్బ కొడితే ఎండిన ముద్ద ఊడొస్తుంది, దాన్ని పొడి చేసి మొదటి పనిలో కలుపుతాం. మా తాతలు చేసేరు, మేమూ చేసేం. దొరయ్య తల్లి బుల్లెమ్మ ఈ పూజ దగ్గర మహా గట్టి మనిషి. తాపీలు, రేకులు, తూకం గుండు అన్నీ వరసగా పెట్టి, ముద్దలు పెట్టి, గొట్టం దగ్గరికొచ్చి ఆగిందంట. "పెద్దోడా, దీని ముద్ద ఏదిరా?"

కొండలు చెప్పేడంట, దీనికి పెట్టకూడదమ్మా, కొట్టాయన కడిగి ఖాళీగా ఉంచమన్నాడు అని. "ఆ కొట్టాయనా నిన్ను కన్నది? ఈ గొట్టం వచ్చేకే గదా నీ చెయ్యి లేచింది. అన్నిటికీ పెట్టి దీనికే పస్తు పెడతారా? ఏడాది పొడుగునా నా పిల్లలు పనిలేక కూకోవాలా?" అందంట. పోనీ బకెట్లో పుట్టీ కాస్త పోద్దాం, అది గట్టిపడదు అన్నాడు దొరయ్య. "ఎవడో కలిపి డబ్బాలో కుక్కింది అమ్మవారికి పెడతావా? మీ నాన్న ఉండుంటే ఆ మాట అనేవాడివేనా?" ఇంక దొరయ్య లేచేడు. మూట విప్పేడు. పొడి పోసి, నీళ్ళు పోసి, చిటికెడు పసుపేసి తన చేత్తో కలిపేడు. ఒక్క దోసెడే కదా, మూతి దగ్గరే కదా, హారతి అవగానే కడిగేస్తే సరి, అనుకున్నాడంట. గొట్టం మూతిలోకి నొక్కేడు. హారతి అయింది. బుల్లెమ్మ దీపం సరిచేసి తలుపు దగ్గరికి లాగి గడియ పెట్టింది. తాళం కూడా కాదు, ఉత్త గడియ. తీసుకుని లోపలికెళ్ళొచ్చు. దొరయ్య ఆ తలుపు దాకా వెళ్ళేడంట. వెళ్ళి నిలబడ్డాడు. ముట్టుకుంటే ఏమవుతుందో, లేచిన చెయ్యి మళ్ళీ పడిపోతుందేమో అనిపించిందంట. వెనక్కొచ్చేసేడు. కొట్టాయన మాట నమ్మలేదని కాదు. అది ఒక భయం, ఇది ఒక భయం. ఈ భయం పెద్దదైంది.

ఉద్వాసన చెప్పి మండపానికి పట్టుకెళ్ళేరు. తాపీల మీది ముద్దలన్నీ ఓ దెబ్బకి ఊడేయి. గొట్టాన్ని రాయికేసి కొడతావా? మూతి బిగుసుకుపోయింది, చక్రాలు తిరగవు, తొడుగు కదలదు. వేణ్ణీళ్ళు పోసేరు, కిరసనాయిలు పోసేరు. కొట్టాయనకి ఫోను చేస్తే, విప్పకండి, కెలక్కండి, ఉన్నదున్నట్టు నా దగ్గరికి తెచ్చెయ్యండి అన్నాడంట. తేవడానికి ఆటో ఏది, అమ్మేసేడుగా. బస్సులో వెళ్ళినా ఆ రోజంతా పోయినట్టే, ఇక్కడ లైట్లవాళ్ళు కింద కూర్చుని సీలింగు కోసం చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే పుల్లంరాజుగారు వచ్చేరు. "ఏం దొరయ్యా, నీ మిషను పూజలో కూర్చుంటే నా మండపానికి సెలవా? నా మనవరాలు పందిట్లో తలెత్తితే ఏం చూడాలయ్యా, నీ సందులా?" అన్నారంట, నలుగురి ముందూ. దొరయ్య మొహం నల్లబడిపోయింది. ఇదిగో, ఇప్పుడే ఊడదీస్తానండి అన్నాడు.

కొండలు నేల మీద కూర్చుని, గొట్టం మూతి ఒళ్ళో పెట్టుకుని, ఇనప తీగతో పుట్టీ గీకుతున్నాడు. దొరయ్య రెండో కొస పట్టుకుని, మధ్యమధ్య తొడుగు లాగి చూస్తున్నాడు. పొద్దున్నించీ ఎన్నిసార్లు లాగినా అది కదల్లేదు. కొండలు ఒక పెద్ద పెళ్ళ కదిలించేడు. అన్నయ్యా, వస్తోంది, అని రెండు వేళ్ళు లోపలికి పెట్టేడంట, దాన్ని పట్టి లాగడానికి. దొరయ్య చూసేడు. చూడలేదని ఎప్పుడూ అనలేదు వాడు. వేళ్ళు లోపలున్నాయని చూసేడు, వస్తోంది అన్న మాట విన్నాడు, పొద్దున్నించీ కదలంది ఇప్పుడేం కదులుతుందిలే అనుకుంటూనే బలం కొద్దీ తొడుగు లాగేడంట. అప్పుడు కదిలింది. కొండలు అరవలేదు. "అన్నయ్యా, వదిలెయ్" అన్నాడంట, చిన్నగా. అంతే.

కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేరు. కుట్లు వేసేరు గానీ, లోపల నరాలు తెగిపోయాయి, వేళ్ళు నిలుస్తాయి, పని చెయ్యవు అన్నారు. దొరయ్య వార్డు బయట బెంచీ మీదే ఉండిపోయేడంట. లోవలక్ష్మి క్యారేజీ పట్టుకుని వస్తే లేచి నిలబడి, అమ్మాయ్, వాడి మంచికే చేద్దామనుకున్నాను అన్నాడు. ఆవిడ తలొంచుకునే చెప్పిందంట. "నాకు తెలుసు బావగారూ. కానీ ఆ మాట ఇంకెప్పుడూ నా దగ్గర అనకండి." అని లోపలికెళ్ళిపోయింది. అప్పటినించీ ఆ ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. మండపం పని రాజమండ్రివాళ్ళు పూర్తి చేసేరు. దొరయ్య మనుషులు వాళ్ళతోనే వెళ్ళిపోయారు, వెళ్ళక ఏం చేస్తారు. పెళ్ళి బాగా జరిగిందంట. పందిట్లో తలెత్తి సీలింగు చూసినవాళ్ళెవరూ లేరని నేనెరుగుదును, అందరూ భోజనాల వైపే చూస్తారు.

ఈ కథ ఎక్కడ చెప్పినా, తప్పెవరిదండీ అని అడుగుతారు. బుల్లెమ్మదా, దొరయ్యదా, పుల్లంరాజుగారిదా? ఆ చిన్న పెట్టి కొనుక్కుంటే పోయేదిగా అంటారు ఇంకొందరు. కొంటే భుజం పోయేది. గొట్టం కొంటే ఇదీ. నన్నడిగితే, దొరయ్య కొట్లోకి వెళ్ళేటప్పటికే రెండు దారులూ మూసుకుపోయి ఉన్నాయి, వాడికి కనపళ్ళేదంతే. బుల్లెమ్మ ఇప్పటికీ నవమికి తాపీల మీద ముద్దలు పెడుతోంది. దొరయ్య ఇప్పటికీ కలిపి ఇస్తున్నాడు. ఎవరూ కాదనరు. దొరయ్య రాజమండ్రివాళ్ళ దగ్గర కూలికెళ్తున్నాడు. లోవలక్ష్మి జీడిపప్పు ఒలిచే షెడ్డుకి వెళ్తోంది. కొండలు కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ మళ్ళీ వంగలేదు.