మోగవలసింది మోగాలని ముప్పై నాలుగేళ్ళు

చంటిబిడ్డ ఊపిరిని కనిపెట్టుకుని ఉండవలసిన యంత్రం, పచ్చదీపం వెలిగించుకుని అంతా సవ్యంగా ఉన్నట్టే కనబడుతూ, మోగవలసిన క్షణంలో మూగబోవడం, అది నా సంతకంతో ఈ సంస్థ గడప దాటిన యంత్రమే కావడం: నా భయాలన్నిటిలోకీ పెద్దది ఇది. పదవీ విరమణ అభినందన వ్యాసాన్ని భయంతో ఆరంభించకూడదని నాకూ తెలుసు. అయితే ఆ భయానికి పనీపాటా నేర్పి, దాన్నే ఒక జాగ్రత్తగా మలచిన పెద్దమనిషి గురించి చెప్పడానికి నాకు వేరే దారి దొరకలేదు.

1991 జూన్ మూడవ తేదీన మా టెస్టింగ్ సారు మరమ్మతు విభాగంలో సహాయకులుగా ఉద్యోగ జీవితానికి శ్రీకారం చుట్టారు. పాడై తిరిగివచ్చిన పరికరాలను బాగుచేయడంతో తృప్తిపడక, అవి ఏ నెలలో ఎక్కువగా వస్తున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయి, గాలి పొడిబారే నెలల్లోనే ఫిర్యాదులు రెట్టింపవుతున్నాయని మూడేళ్ళకు నిరూపించారు. స్వెట్టర్ విప్పేటప్పుడు చిటపటమనే ఆ చిన్న మెరుపే, మనిషి వేలి కొసనుంచి దూకి, యంత్రం మతి పోగొడుతోందని ఆయన చెబితే మొదట నవ్వినవారే తరువాత యంత్రాలను పరీక్షించడానికి బల్ల, గది, మనుషులు ఇచ్చారు. 2004లో కృత్రిమంగా ఆ మెరుపును పుట్టించే స్పార్క్ గన్ వచ్చింది. దానితోపాటే ఆయనకు ‘చిటపట సారు’ అనే బిరుదూ వచ్చింది. ఆ బిరుదు తమకు తెలియనట్టు ఇన్నేళ్ళు నటించడం వారి సంస్కారం.

ఈ జాగ్రత్త ఇంటిదాకా వెళ్ళిందని వారి సతీమణి ఒకసారి మాతో అన్నారు. “నా చెయ్యి పట్టుకోవాలన్నా ముందు ఏదో ఓ ఇనుపముక్క ముట్టుకుని వస్తారమ్మా! నేనేమైనా కరెంటు స్తంభాన్నా?”

ఆరేళ్ళ క్రితం, పదో తరగతి మధ్యలోనే చదువాగిపోయిన నన్ను సర్క్యూట్ బోర్డులు బిగించే లైనునుంచి తమ గదికి తీసుకున్నప్పుడు చాలామంది విస్తుపోయారు. “ఈ అమ్మాయి చేతికి తొందర లేదు. మిగతాది నేర్పుకుంటాను” అన్నారట సారు.

ఆ మాట నిరుడు నా చేతిలోనే అబద్ధమైంది. పసిపిల్లల ఊపిరిని గమనించే కొత్త యంత్రం పరీక్షకు వచ్చింది. బ్యాటరీతో నడిచేది, భూమికి కలిపే తీగ లేనిది. అలాంటిదానికి గన్నుతో ఒక మెరుపుదెబ్బ తగిలాక ఆ విద్యుత్తు ఒంట్లోనే నిలిచిపోతుంది. ప్రతి దెబ్బకూ నడుమ భూమికి కలిపిన వైరు తాకించి దాన్ని దించేయాలి. లేకపోతే తరువాతి దెబ్బ పూర్తి బలంతో పడదు, నాసిరకం యంత్రం కూడా గట్టెక్కేస్తుంది. ఆ మధ్యాహ్నం నా ఏడు నెలల పాపకు జ్వరమని మా అత్తగారు ఫోను చేశారు. త్వరగా బయటపడాలని వైరు సంగతి వదిలేసి, వరసగా కొట్టుకుంటూ పోయాను.

పక్క బల్ల దగ్గర అటు తిరిగి రాసుకుంటున్న సారు కలం ఆపారు. “ఏమ్మా, గన్ను ఇవాళ అన్నం తినలేదా? గొంతు పీలగా ఉంది.”

“బానే ఉంది సార్. అన్నీ పాస్.”

“పాసయింది నీ తొందర. యంత్రం ఇంకా పరీక్షే రాయలేదు.”

లేచి వచ్చి, ఒక్కొక్క దెబ్బకూ వైరు తాకిస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగో దెబ్బకు తెరమీద అంకెలు చెక్కుచెదరలేదు, పచ్చదీపం అలాగే ఉంది. పసిబిడ్డలా ఊపిరి తీసే పరీక్షబొమ్మకు ఊపిరి ఆపారు. యంత్రం కిక్కురుమనలేదు. ‘పాస్’ అని నేను రాసుకున్న వరసలన్నీ కొట్టేశాను.

“ముందు ఇంటికెళ్ళు తల్లీ. మనసు ఇంటిదగ్గర ఉన్నప్పుడు ఇక్కడ సంతకం పెట్టకూడదు. రేపొచ్చాక ఇద్దరం కలిసి తిట్లు తిందాం.”

మరునాడు మేనేజరుగారి ఎదుట “మా విభాగంలో పొరపాటు జరిగింది” అని సారు అంటూండగానే, “చేసింది నేనే సార్” అని చెప్పేశాను. బయటికి వచ్చాక వారు నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, “సగం నాకు ఉంచుతావనుకున్నాను. అన్నీ నువ్వే తినేశావేంటమ్మా?” అన్నారు. పాప జ్వరం తగ్గింది. ఆ యంత్రం లోపల మార్పులు చేయించుకుని మూడు వారాలు ఆలస్యంగా, అన్ని దెబ్బలూ తిని కూడా మోగుతూ, బయటికి వెళ్ళింది.

ముప్పై నాలుగు సంవత్సరాలు ఎవరి ఇళ్ళలోనో, ఎవరి పిల్లల పక్కనో ఉండబోయే యంత్రాలను తమ ఇంటివిగా భావించి పరీక్షించిన మా సారు, సతీమణితోనూ పిల్లలతోనూ నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలని, ఇకనైనా ఏ ఇనుమూ ముట్టుకోకుండా నిశ్చింతగా చేయి చాచగలగాలని మనసారా కోరుకుంటున్నాను.

సోమవారం నుంచి ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే ఉంటాను, కాగితాలమీద సంతకమూ నాదే. సహోద్యోగులకు ఒక్క మనవి. అటుగా వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం తలుపు తీసి నన్ను చూసి వెళ్ళండి. నేను గడియారంవైపు చూస్తూ కనబడితే, ఆ పూట నన్ను సంతకం పెట్టనివ్వకండి.