పదో సోమవారం రెండు కుర్చీలు

నా పేరు కడలి సత్యవాణి. భర్త పేరు త్రిమూర్తులు. నా వయసు నలభై తొమ్మిదేళ్ళు. కాపురం అమలాపురం పక్కన ఈదరపల్లి. అమలాపురం ఉమ్మడి కళాశాలల ప్రాంగణంలో పరిపాలనాధికారిగా పనిచేస్తున్నాను. అక్కడ అందరూ నన్ను ఏఓ మేడమ్ అంటారు.

ఈ రోజు 2025 అక్టోబరు పదో తేదీ, శుక్రవారం. ఉదయం పదకొండూ ఐదుకి మేజిస్ట్రేటు గారి గదిలోకి వచ్చాను. గదిలో మేజిస్ట్రేటు గారూ, రాసుకునే గుమస్తా గారూ తప్ప ఎవరూ లేరు. ఎవరైనా బెదిరించారా, ఆశ పెట్టారా అని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ లేదనే చెప్పాను. కుర్చీ వేయించారు. నిలబడే చెబుతానన్నాను.

డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాలు ప్రభాకరరావు గారి చావు గురించి సెప్టెంబరు పదిహేడున పోలీసు స్టేషనులో నేను చెప్పింది అబద్ధం. ఆయన కూర్చుని ఉండగా గుండెపోటు వచ్చిందని చెప్పాను. ఆయన కూర్చోలేదు.

మా ప్రాంగణంలో మూడు కాలేజీలు ఉన్నాయి. డిగ్రీ, పాలిటెక్నిక్, నర్సింగ్. గేటు ఒకటే, గంట ఒకటే, క్యాంటీను ఒకటే. ఎవరి ప్రిన్సిపాలు వాళ్ళకు ఉన్నారు. అందరి మీదా ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు డాక్టర్ వెంకటకృష్ణ గారు. ఈడీ గారంటాం. ఈ ఏడాది జూన్‌లో వచ్చారు. ఆయన గొంతు పెంచి మాట్లాడరు. అటెండరు నూకరాజుని కూడా ‘మీరు’ అంటారు. మాట మాటకీ అండీ తగిలిస్తారు. మొదటి నెల నాకు ఆయనంటే గౌరవం కలిగింది, ఎందుకు దాచాలి.

జూలై ఏడున ఒక సర్క్యులర్ ఇచ్చారు. టైపు చేసింది నేనే. ఉదయం తొమ్మిదిన్నరలోగా గేటు దగ్గర మెషీనుకి ముఖం చూపించినవాళ్ళకే హాజరు. ప్రతి సోమవారం పదిన్నరకి బోర్డు రూములో ముగ్గురు ప్రిన్సిపాళ్ళతో సమీక్ష. పది సమీక్షల్లో ఒక్కసారైనా డెబ్భై ఐదు శాతం హాజరు దాటని కాలేజీని వచ్చే ఏడాది నుంచి మూసేసి, దాని బిల్డింగు పాలిటెక్నిక్‌కి ఇస్తారు. పాలిటెక్నిక్ ప్రిన్సిపాలు హేమంత్ గారు ఈడీ గారి బావమరిది. ఈ ముక్క సర్క్యులర్‌లో లేదు.

కుర్చీ సంగతి కూడా సర్క్యులర్‌లో లేదు. అది నన్ను పిలిచి నోటితో చెప్పారు. ముందు వారం హాజరు అందరికంటే తక్కువ వచ్చిన ప్రిన్సిపాలుకి ఆ సోమవారం కుర్చీ వేయకూడదు. సమీక్ష అయ్యేదాకా ఆయనో ఆవిడో నిలబడే ఉండాలి. ముగ్గురు ప్రిన్సిపాళ్ళకి రెండు కుర్చీలు.

డిగ్రీలో రెండు వందల పద్నాలుగు మంది పిల్లలు. సగానికి పైగా సఖినేటిపల్లి, రాజోలు వైపు నుంచి ఒకే బస్సులో వస్తారు. నరసాపురం నుంచి రేవు దాటి వచ్చేవాళ్ళకీ అదే బస్సు. అది మా గేటు దగ్గరికి తొమ్మిదీ యాభైకి వచ్చేది. తొమ్మిదిన్నర అంటే ఆ పిల్లలకి ఏ రోజూ హాజరు పడదని ఈడీ గారికి నేనే చెప్పాను. ఆయన నవ్వి, "అందుకే కదండీ" అన్నారు. నేను సర్క్యులర్ మీద స్టాంపు వేసి మూడు కాలేజీలకీ పంపాను.

జూలై పద్నాలుగు మొదటి సమీక్ష. డిగ్రీకి నలభై ఆరు శాతం వచ్చింది. ప్రభాకరరావు గారు లోపలికి వచ్చి కుర్చీ కోసం చూశారు. ఈడీ గారు, "మీరు కాసేపు నిలబడాలండీ, నిలబడితే బుర్ర చురుగ్గా పనిచేస్తుందంటారు" అన్నారు. హేమంత్ గారు ఫోను చూసుకున్నారు. సమీక్ష గంటా నలభై నిమిషాలు సాగింది. ప్రభాకరరావు గారికి యాభై తొమ్మిదేళ్ళు. అంతకు ముందు ఏడాదే గుండెకి స్టెంటు వేశారు. ప్రాంగణంలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఆ రోజు నాకు బాగానే ఉంది. ఇది కూడా రాసుకోండి. మూడు కాలేజీలూ ఒకే ప్రాంగణం కాకముందు, 2009లో, నేను ఆయన దగ్గర జూనియర్ గుమస్తాని. నేను రాసిన ఒక ఉత్తరంలో పదకొండు తప్పులకి ఎర్రసిరాతో గీత గీసి, స్టాఫ్ రూములో అందరి ముందూ చదివారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. సాయంత్రం పిలిచి ఏమీ అనుకోకమ్మా అన్నారు గానీ, నేను అనుకున్నాను. పదహారేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. నేను అంత మంచిదాన్ని కాదు. ఆయన గోడకి జారబడబోయి మళ్ళీ సర్దుకుని నిలబడుతుంటే, ఇప్పుడు తెలిసిందా మాస్టారూ అనుకున్నాను.

రెండో సోమవారం ఆయనే. మూడో సోమవారం ఆయనే. నాలుగో సోమవారమూ ఆయనే. మొదట్లో నూకరాజు సోమవారం పొద్దున్న హాజరు షీటు వచ్చేదాకా ఆగి, అప్పుడు కుర్చీలు వేసేవాడు. షీటు కంప్యూటర్ రూము నుంచి వచ్చేసరికి పదింబావు దాటుతుంది. ఈలోగా ఈడీ గారు వచ్చేస్తే కంగారు. ఎలాగూ నిలబడేది మాస్టారే కదా అని, నాలుగో వారం తరవాత శనివారం మధ్యాహ్నమే రెండు కుర్చీలు వేసి గది తాళం పెట్టేయమన్నాను. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. మూడో కుర్చీ వరండాలో గోడ వైపు తిప్పి పెట్టేవాడు. ఎవరూ కూర్చోకుండా ఉండాలని దాని మీద పూలకుండీ పెట్టాడు.

ఆగస్టు పదకొండున ప్రభాకరరావు గారు డాక్టరు చీటీ జతచేసి ఒక ఉత్తరం ఇచ్చారు. ఎక్కువసేపు నిలబడకూడదని డాక్టరు రాశారు. ఈడీ గారు దాని మీద ‘చూశాను’ అని రాసి పొట్టి సంతకం పెట్టారు. ఫైలు చేయమన్నారు. చేశాను. ఆ కాగితం పోలీసులకి ఇవ్వలేదు. ఈ రోజు తెచ్చాను.

ఆగస్టు ఇరవై ఐదున నర్సింగ్ ప్రిన్సిపాలు లక్ష్మీతులసి గారు లేచి, "మాస్టారు నా కుర్చీలో కూర్చుంటారండీ" అన్నారు. ఈడీ గారు ఏమీ కోప్పడలేదు. "మంచి మనసండీ మీది. అయితే ఇద్దరూ నిలబడండి" అన్నారు. ఖాళీ కుర్చీలో తన బ్యాగు పెట్టించుకున్నారు. ఇద్దరూ రెండు గంటలు నిలబడ్డారు. తరవాతి వారం లక్ష్మీతులసి గారు లేవలేదు. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి కాళ్ళు వాచిపోయాయి.

ప్రభాకరరావు గారు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాకు అదీ ఒళ్ళుమంటే. మనిషన్నాక ఒక మాట అనాలి కదా. తరవాత తెలిసింది, ఆయన వేరే పని మీద ఉన్నారు. జూలై నుంచి వారానికి రెండుసార్లు మధ్యాహ్నం సెలవు పెట్టి రాజోలు వెళ్ళేవారు. బస్సు నలభై నిమిషాలు ముందు బయలుదేరేలా చేయమని డిపోలో అర్జీ పెట్టి, రేవు దాటించే పంటు నడిపేవాళ్ళతో మాట్లాడి, ఊరూరా తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారు. సెప్టెంబరు ఎనిమిది, సోమవారం నుంచి ఆ బస్సు తొమ్మిదీ పదికే మా గేటు దగ్గరికి రావడం మొదలైంది.

నేను దాన్ని పట్టించుకోలేదు. సెప్టెంబరు పదమూడు, శనివారం మధ్యాహ్నం మూడింటికి ఎప్పటిలాగే రెండు కుర్చీలు వేయించాను.

సెప్టెంబరు పదిహేను, సోమవారం. పదో సమీక్ష, ఆఖరిది. పదీ ఇరవైకి షీటు నా చేతికి వచ్చింది. డిగ్రీ తొంభై ఒకటి. నర్సింగ్ ఎనభై ఎనిమిది. పాలిటెక్నిక్ డెబ్భై తొమ్మిది. రెండుసార్లు చూశాను. నిలబడాల్సింది హేమంత్ గారు. డిగ్రీ కాలేజీ బతికింది.

బోర్డు రూము బయట వరండాలో ప్రభాకరరావు గారు ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పూలకుండీ ఉన్న కుర్చీ పక్కనే నిలబడి, "ఈ వారం మనకెంత వచ్చిందమ్మా?" అని నన్ను అడిగారు. నేను జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళిపోయాను.

షీటు ఈడీ గారి ముందు పెట్టాను. ఆయన చూశారు. హేమంత్ గారు అప్పటికే కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఈడీ గారు షీటుని బల్ల మీద బోర్లా తిప్పి, దాని మీద కళ్ళజోడు పెట్టారు. "ఈ వారం అంకెలు చదవక్కర్లేదండీ, అందరికీ తెలిసినవే" అన్నారు. నా వైపు చూశారు. నేను నోట్‌బుక్కు తెరిచి తేదీ వేసుకున్నాను. నూకరాజుని పిలిచి కుర్చీ తెమ్మనడానికి నాకు ఒక్క మాట చాలు.

ప్రభాకరరావు గారు లోపలికి వచ్చి రెండు కుర్చీలూ చూశారు. నన్ను చూశారు. ఎప్పుడూ నిలబడే చోటికి వెళ్ళి నిలబడ్డారు. ఈడీ గారు డిగ్రీ కాలేజీ మూసివేత గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఏ గది ఏ ల్యాబు అవుతుందో, ఏ గోడ కొట్టాలో చెప్పారు. లైబ్రరీ పుస్తకాలు ఎవరికి కావాలో మాస్టారినే అడిగారు. మాస్టారు, "అంకెలు ఒకసారి చదివిస్తారా అండీ" అన్నారు. "తొందరేముందండీ" అన్నారు ఈడీ గారు. పదకొండూ యాభైకి మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. ఈడీ గారు మాట ఆపి, "చెయ్యి తీయండి ప్రభాకరరావు గారూ, పాలిష్ కొత్తగా వేయించామండీ" అన్నారు. ఆయన చెయ్యి తీశారు.

పన్నెండూ పదికి పడిపోయారు. లక్ష్మీతులసి గారు ఒక్క ఉదుటున వచ్చి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టారు. చోటు చాలక కుర్చీలన్నీ వరండాలోకి లాగి పారేశాం. ఈడీ గారి కుర్చీ కూడా. అప్పుడు ఆ గదిలో ఒక్క కుర్చీ లేదు. ఆసుపత్రికి చేరేసరికి పన్నెండూ నలభై. అప్పటికే లేరన్నారు.

అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఈడీ గారు నన్ను పిలిచారు. డిగ్రీకి నలభై ఏడు అని కొత్త షీటు కొట్టమన్నారు. "పోయినాయన్ని మనం తిరిగి తేలేమండీ సత్యవాణి గారూ, ఉన్నవాళ్ళం ఉద్యోగాలు చేసుకోవాలి కదండీ" అన్నారు. కొట్టాను. పోలీసులకి ఇచ్చింది ఆ షీటే. కాలేజీల యాజమాన్య కమిటీ ముందుకు వెళ్ళేదీ అదే. ఈ నెల పదమూడున, వచ్చే సోమవారం, కమిటీ కూర్చుని డిగ్రీ కాలేజీ మూసేయడానికి తీర్మానం చేస్తుంది. అసలు షీటు చింపేయమన్నారు. నేను చింపలేదు. పుణ్యానికి కాదు, రేపు నా పీకల మీదికి వస్తే ఆధారం ఉండాలని దాచాను.

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన ప్రభాకరరావు గారి భార్య రమణమ్మ గారు ఆయన వస్తువులు తీసుకెళ్ళడానికి వచ్చారు. కళ్ళజోడు, గొడుగు, రెండు పుస్తకాలు. సంచిలో సర్దుతూ, "ఆ రోజైనా కూర్చున్నారామ్మా? ఈ సోమవారం నాకు కుర్చీ ఏస్తారే అని చెప్పి ఎళ్ళేరు" అన్నారు. నేను, కూర్చున్నారండీ అన్నాను. ఆవిడ, "పోన్లే" అన్నారు. ఆ పోన్లే నాకు అన్నం సహించనివ్వడం లేదు.

బస్సు ఇప్పటికీ తొమ్మిదీ పదికే వస్తోంది. నా గది కిటికీ గేటు వైపు ఉంటుంది. ఇరవై నిమిషాల టైమున్నా ఆ పిల్లలు పరిగెత్తుతూనే దిగుతారు. మెషీను ముందు ముఖం పెట్టి, పడిందా పడిందా అని ఒకరినొకరు అడుగుతారు. సోమవారం తరవాత వాళ్ళ కాలేజీ ఉండదని వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

అసలు షీటు, డాక్టరు చీటీ, ‘చూశాను’ అని రాసిన ఉత్తరం, మూడూ మేజిస్ట్రేటు గారికి ఇచ్చాను.

గుమస్తా గారు ఇంతవరకూ రాసింది నాకు చదివి వినిపించారు. ఒక చోట ఆపమన్నాను. వరండాలో ప్రభాకరరావు గారు అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేదని పైన ఉంది. అది తప్పు. కొట్టేయవద్దు, అలాగే ఉంచి కింద ఇది రాయమన్నాను. నేను జవాబు చెప్పాను. తొంభై ఒకటి ఉన్న షీటు నా చేతిలోనే ఉంది. "మీకు ఎప్పుడూ వచ్చేదే మాస్టారూ, కొత్తగా ఏం వస్తుంది" అన్నాను. నవ్వాను కూడా. ఆయన, "అలాగా అమ్మా" అన్నారు. ఆ మాట నమ్మే లోపలికి వచ్చి నిలబడ్డారు.

ఇప్పుడు చెప్పిందంతా నిజం. మిగిలింది ఏమీ లేదు. నా చేత్తో సంతకం చేస్తున్నాను.

(సంతకం)
కడలి సత్యవాణి
మధ్యాహ్నం పన్నెండూ పది