ప్రభువు బల్ల మీద చిన్న కప్పులు

న్యూజిలాండ్‌లోని పాపకూర పట్టణంలో, ఒక అద్దె హాలులో తెలుగు ఆరాధన మొదలుకాబోతోంది. ప్రభువు బల్ల మీద ప్లాస్టిక్ కప్పులు సర్దుతున్న పాస్టరు ఎదుట ఒక వృద్ధురాలు వచ్చి నిలబడింది.

“ఇన్నేళ్లూ ద్రాక్షారసం ఒకే పాత్రలో తాగాం. ఇవెందుకు, పాస్టరుగారూ?”

“శుభ్రత కోసం, ఆంటీ. ఫ్లూ అదీ...”

“చలికాలమంతా దగ్గుతూనే ఆ పాత్రలో తాగాం. ఇక్కడి డిసెంబరు ఎండల్లో నవీన కుటుంబం సంఘంలో చేరింది. ఇండియాలో, సొంత ఊళ్లో వాళ్లది ఏ పేటని మన పెద్దలు ఆరా తీశారు. మరుసటి ఆదివారానికే మీకు శుభ్రత గుర్తొచ్చిందా?”

“లేకపోతే ఆ పెద్దలు సంఘం వదిలేస్తామన్నారు, ఆంటీ. చీలిపోకూడదని...”

“కులం అడిగి కప్పు ఇచ్చే చోట రక్షణ గురించి ఏం బోధిస్తారు?”

“మెల్లగా! నవీన వింటోంది.”

“విననివ్వండి. నవీనా, ఆ పాత పాత్ర తీసుకురామ్మా. ముందు నువ్వు తాగు, తరువాత నేను తాగుతాను. పాస్టరుగారూ, ఆ తరువాత మీ వంతు.”