రాట్నం మీది దారం

దిబ్బూరహళ్ళిలో బడి మేష్టరి తమ్ముడి కర్మ ముగిసిన మరునాడు, ఊరి ఆస్పత్రి కాంపౌండరు ఆయన ఇంటి అరుగెక్కాడు.

"మేష్ట్రప్పా, మీ తమ్ముడి సావు మీద తనిఖెకు పెద్ద డాక్టరు వస్తాండాడు. 'గాయానికి పట్టుదారంతో సూచర్ వేసినారు' అని ఇంగ్లీషులో రాసియ్యండి. చనిపోయినోడి అన్న రాస్తే నమ్ముతారు."

"సూచర్ అంటే ఏమప్పా?"

"కుట్టు. మీకు తెల్దా?"

"నీకు తెలుసా అని అడిగినాను. దారం యాడిది?"

"డాక్టర్లూ పట్టుతోనే కుడతారు గదప్పా."

"యాడిది?"

"పట్టుగూళ్ళ దారం తీసే మునిశామప్ప రాట్నం మీదిది. ఆస్పత్రి దారం అయిపోయిండె. రక్తం కారతా ఉంటే ఏం చేసేది?"

"పురుగులు ఉడికిన నీళ్ళలోంచి తీసిన దారం. నా తమ్ముడి కాలికట్టు విప్పితే అదే కంపు. ఇప్పటికీ నా నోట్లోకి కూడు పోదు."

"ఆపదలో చేసినాను."

"దానికి నిన్ను తిట్టలేదు. కాలు వాచినప్పుడు చింతామణి పెద్దాస్పత్రికి తీసుకుపోతామంటే, 'సూచర్ వేసినాను, ఏమీ కాదు' అంటివి. ఆ ఇంగ్లీషు మాటకు మా అమ్మ దండం పెట్టింది."

"నా ఉద్యోగం పోతుందప్పా. నాకూ పిల్లోళ్ళు ఉండారు."

"వానికీ ఉండారు. లోపల నిద్రపోతాండారు."

"రాయరా అయితే?"

"రాస్తాను. సూచర్ అనే మాటను సరిగ్గానే వాడతాను. శుద్ధి చేసిన సూదితో, శుద్ధి చేసిన దారంతో వేసేది సూచర్. 'నా తమ్ముడికి సూచర్ వేయలేదు, గోనెసంచి కుట్టినట్టు కుట్టినారు' అని రాస్తాను."

"మేష్ట్రప్పా..."

"అరుగు దిగప్పా. నువ్వు నిలబడిన చోటు అమ్మ కడగాల."