గంట పోయి 'యల్లా' వచ్చిన వేదిక

1976 నవంబరు మొదటి తేదీన దుబాయ్‌లోని ఐరిష్ సంగీత సంఘంలో వేదిక నిర్వాహకులుగా చేరిన శ్రీ షేక్ అమీర్ జాన్ గారు, పన్నెండేళ్ల అవిరళ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. వారిని సన్మానించుకుంటున్న ఈ శుభవేళ మా సంఘ సభ్యుల కాళ్లు నేల మీద నిలవడం లేదు.

నెల్లూరు వాస్తవ్యులైన అమీర్ జాన్ గారు అంతకుముందు ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక నిర్మాణ స్థలంలో గంట కొట్టే బాధ్యత నిర్వర్తించారు. అక్కడ గంట మోగిందంటే పని ఖలాస్. ఆ అలవాటుతోనే వారు మా సంఘంలో అడుగుపెట్టారు.

ఐర్లండులో తరతరాలుగా సాగుతున్న శాస్త్రీయ సంగీత పోటీల ఒరవడిలో, ఇక్కడి ఐరిష్ ఉపాధ్యాయులు ఆ శీతాకాలమే తొలి ఉత్సవాన్ని ఒక బడి భోజనశాలలో మహోత్సాహంతో ఆరంభించారు. కరామాలో దర్జీ అయిన సనావుల్లా గారి కుమార్తె, పదేళ్ల షాహీదా, ఏడాది పొడవునా ఈ ఒక్క రోజు కోసమే సాధన చేసి వయొలిన్‌తో వేదిక ఎక్కింది. ఒకసారి దిగినవారు మళ్లీ ఎక్కరాదన్నది నియమం. న్యాయనిర్ణేత గంట కొట్టారు. ఇక వాయించమని దాని అర్థం. అమీర్ జాన్ గారికేం తెలుసు, పాపం! చకచకా వెళ్లి, "ఖలాస్ బేటీ, దా" అంటూ పాపను చేయి పట్టుకుని దించేశారు.

పాప బావురుమంది. ఆ గంట అర్థం అమీర్ జాన్ గారికి అప్పుడు గానీ తెలియలేదు. అయినా వెనుదీయక, నియమం నియమమేనంటున్న న్యాయనిర్ణేత ఎదుట నిలిచారు.

"మేడమ్, పాప దిగలా, నేనే దించినా. సజా ఏదైనా ఉంటే నాకెయ్యండి. ఆ బిడ్డని మాత్రం వాయించనీండి."

ఒక ఉపాధ్యాయుడు ఆ మాటలను ఇంగ్లీషులో వినిపించగా, న్యాయనిర్ణేత పకపకా నవ్వి, తనంతట తాను దిగనివారు దిగనట్టేనని తీర్పు చెప్పారు. షాహీదా కళ్లు తుడుచుకుని వాయించింది. అబ్బ, ఏం వాయించింది! భోజనశాల చప్పట్లతో దద్దరిల్లింది. రెండవ బహుమతి కూడా దక్కింది.

మరుసటి ఏటి నుండి గంటను అటకెక్కించి, 'ఇక కానివ్వు' అని అర్థమిచ్చే 'యల్లా' అనే అరబ్బీ పిలుపును ప్రవేశపెట్టారు. డబ్లిన్ నుండి న్యాయనిర్ణేతలుగా ఎంతటి విద్వాంసులు వచ్చినా ముందుగా అమీర్ జాన్ గారి వద్ద ఆ మాట పలకడం నేర్చుకోవలసిందే. షార్జా, అబూధాబి పిల్లలతో ఏటేటా పెరిగిన ఈ ఉత్సవం నేడు పెద్ద హోటలు సభామందిరంలో జరుగుతున్నదంటే, పిల్లల బెరుకు పోగొట్టి వేదిక ఎక్కించిన వారి చలువ కొంత కాదు, చాలా ఉంది.

ఇన్నేళ్లూ తెర వెనుక నిలబడే తప్ప అమీర్ జాన్ గారు ఒక్కనాడూ కుర్చీలో కూర్చుని కచేరీ వినలేదు. ఈ సాయంత్రం, ప్రస్తుతం షార్జాలో సంగీతోపాధ్యాయిని అయిన షాహీదా గారు వారి కోసం వాయిస్తున్నారు. సతీమణి దౌలత్‌బీ గారితో మొదటి వరుసలో ఆసీనులు కానున్న వారికి అల్లా సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించాలని ప్రార్థిస్తూ, కచేరీ ముగిసేదాకా వారిని ఎవరూ ఏ పనికీ లేపరాదని మనవి చేస్తున్నాం.