కుడివైపు నుంచి వయొలిన్

"నేను పెద్దగా చేసిందేమీ లేదు, చార్జరు మార్చానంతే," అన్నాడు కళ్ళజోళ్ళ కొట్టాయన, టీ గ్లాసు బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఖాళీ చేసుకుంటూ.

ఆయన చేతులు ఖాళీ చేసుకున్నాడంటే తక్కువలో తక్కువ ముప్పావుగంట కథ ఉందని టీ కొట్టులో అందరికీ తెలుసు. టీ అక్క పొయ్యి మంట తగ్గించింది. బస్సు డ్రైవరు చెప్పులు విడిచి బెంచీ మీదకి కాళ్ళు ముడుచుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. కొట్టాయన బావమరిది ఒక్కడే, ఎలక్ట్రానిక్ సామాను రిపేరు చేసుకునే మనిషి, ఒళ్ళో సంచి పట్టుకుని తేలు కుట్టిన దొంగలా బెంచీ అంచున కూర్చున్నాడు.

నిజానికి అతను ఆ సమయంలో ఉండాల్సింది అక్కడ కాదు. ఎదురు వీధిలో, రెండో అంతస్తులో, బావ ఇంట్లో. బావ కొట్టు మూసి టీకి వచ్చే ఈ గంటలోనే గుట్టుగా పని ముగించాలని మేనకోడలితో ఒప్పందం. తీరా బయల్దేరితే సందు మలుపులో బావే ఎదురుపడ్డాడు. "నువ్వు లేకపోతే ఎలారా, వీళ్ళకి కరెంటు సంగతులు అర్థమై చావవు," అని భుజం మీద చెయ్యేసి లాక్కొచ్చాడు.

సంచిలో, తువ్వాల్లో చుట్టి, బావగారి కుడి స్పీకరు తాలూకు కోను ఉంది.

పన్నెండు రోజుల కిందట తొమ్మిదేళ్ళ మేనకోడలు ఆ స్పీకరు డబ్బా ముందున్న గుడ్డ తీసి చూసింది. నల్లటి కాగితం గిన్నె, దాని నడుమ మెత్తటి బుడిపె. చూస్తే ఎవరికైనా నొక్కబుద్ధేస్తుంది. నొక్కింది. బుడిపె లోపలికి పోయింది. గోటితో బయటికి లాగబోతే కాగితం చర్రున చిరిగింది. పిల్ల చెప్పులు కూడా వేసుకోకుండా రిపేరు కొట్టుకి పరిగెత్తుకొచ్చింది. అతను వెళ్ళి కోను విప్పుకుని, ఖాళీ డబ్బాకి గుడ్డ మళ్ళీ బిగించి, పాట మోత పెంచే యాంపు వెనకాల ఒక మీట తిప్పి, రెండు వైపుల పాటా ఎడమ డబ్బాలోంచే వచ్చేలా చేసి వచ్చాడు. కావలసిన కాగితం గిన్నె పోస్టులో వచ్చి చేరేసరికి ఇవాళయింది.

"తిడితే ఫర్లేదు మామయ్యా," అంది ఆ పిల్ల ఆ రోజు. "నాన్న మాట్లాడకుండా కూర్చుంటేనే నాకు భయం. నువ్వు బాగుచెయ్యి. అప్పుడు నేనే చెప్తాను. నువ్వు మాత్రం చెప్పకు."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పోయినేడు పాత యాంపు కాలిపోయినప్పుడు ఆయన మూడు రోజులు నోరు విప్పలేదు. అంత వాగుడుకాయ మూగబోతే ఇంట్లో కుక్కరు కూత వేసినా అందరూ ఉలిక్కిపడ్డారు.

"చార్జరు మారిస్తే ఏమవుతుందన్నా?" అన్నాడు డ్రైవరు.

"అదీ అడగాలి! నెట్లోంచి పాటలు లాక్కునే పెట్టె ఉందా, స్ట్రీమరు, దాంతో వచ్చే చార్జరు ఉత్త చవక సరుకు. కరెంటుతో పాటు దుమ్మూ ధూళీ తెచ్చి పాటలో పోస్తుంది. తీసి అవతల పారేసి, బరువుది, ఇటుకంత ఉంటుంది, అది పెట్టాను. పెట్టి, రోజూ వేసే పాత పాటే మళ్ళీ వేశాను. గాయని పల్లవి ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకుంది చూడండీ, నా పక్కన కూర్చుని తీసుకున్నట్టు వినిపించింది."

"అది నిజమే అయ్యుంటుంది," అన్నారు మాస్టారు న్యాయంగా.

"అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? స్ట్రీమరు కింద మూడు రబ్బర్లు పెట్టాను, పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునేవి. బల్ల అదురు పెట్టెకి ఎక్కకూడదని. పెట్టానో లేదో, కుడివైపు వయొలిన్ ఆయన కుర్చీ కిర్రుమంది!"

బావమరిది టీ గుటక అడ్డం పడి దగ్గాడు.

"మెల్లిగా తాగరా. కుడివైపు, సరిగ్గా కుడి డబ్బాకి జానెడు వెనక. కళ్ళు మూసుకుంటే మనిషి కనిపిస్తున్నాడు. బక్కపలచటి మనిషి. చొక్కా రెండో గుండీ వయొలిన్‌కి తగులుతోంది, టిక్కు టిక్కుమని. ఎడమవైపు ఫ్లూటు ఆయన ఉన్నాడు గానీ, ఎడమది నాకంత ఆనలేదు. నా దృష్టంతా కుడిదే. ఈ మధ్య కుడి డబ్బా ఎంత తేటపడిందంటే, ఏమని చెప్పను!"

"బావా, నాకు కొంచెం పనుంది," అని లేవబోయాడు బావమరిది.

"కూర్చో. అసలు సంగతికి ఇంకా రాలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్ట్రీమరు నుంచి యాంపుకి ఒక కేబులు వెళ్తుంది. అందులో పోయేది కరెంటు కాదు, వెలుతురు. ఎర్రటి వెలుతురు. పాట వెలుతురై పోయి అవతల మళ్ళీ పాట అవుతుంది. ఏరా, నిజమా కాదా?"

"నిజమే బావా."

"విన్నారుగా. వెలుతురు అనగానే నాకు తట్టింది. ఇరవై రెండేళ్ళు జనం కళ్ళు చూసినవాణ్ణి, వెలుతురు సంగతి నాకంటే ఎవడికి తెలుసు? కేబులు ఊడదీసి, దాని మొనని అద్దాలు తుడిచే గుడ్డతో తుడిచి, కొట్టుకి తీసుకెళ్ళి, కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూర్చోబెట్టాను."

"ఎవర్ని?" అంది టీ అక్క.

"కేబుల్నే! అనుకున్నట్టే, దానికి సైటుంది. మైనస్ పావు. అందుకే ఇన్నాళ్ళూ దూరంగా కూర్చున్న వాయిద్యాలు మసకగా వినిపించేవి. గోరుగింజంత అద్దం కోసి మొనకి అతికించాను."

డ్రైవరు తొడ చరిచి నవ్వాడు. "మా చెవుల్లో పూలు పెడుతున్నావన్నా!"

"పువ్వులున్న చెవులకి ఏం వినిపిస్తుందిరా, నా చెవుల సంగతి విను. ఆ అద్దం పెట్టాక పాట వేస్తే, స్టూడియోలో గోడ గడియారం వినిపించింది. టిక్కుల్ని బట్టి లెక్కేస్తే నాలుగూ పది. బయట వాన. కుడివైపు తలుపు తీసుకుని ఎవరో తడి గొడుగుతో వచ్చారు. వాడితో పాటు ఒక దోమ లోపలికొచ్చింది. అది కుడి డబ్బాలోంచి బయల్దేరి, గది అంతా తిరిగి, నా చెవి దగ్గరికి వచ్చింది. చటుక్కున కొట్టాను. అంతే, పాటలో దోమ ఆగిపోయింది. మళ్ళీ వేసి చూశాను. లేదు! ముప్పై ఏళ్ళ కిందటి దోమ, నా చేతిలో పోయింది."

"పాపం," అన్నారు మాస్టారు. "దాని సంతతి పరిస్థితి ఏమిటో."

బావమరిది సంచి గట్టిగా పట్టుకున్నాడు. గడియారం ఆరుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. కిటికీ దగ్గర పిల్ల నిలబడి సందు వైపు చూస్తూ ఉంటుంది. ఇంకో పావుగంట బావ ఇలాగే చెప్తే, టాయిలెట్టుకని లేచి, పరిగెత్తి, నాలుగు మరలు బిగించి రావచ్చేమో అని లెక్కలేసుకున్నాడు. ఇంతలో బావ గొంతు తగ్గించి ముందుకి వంగాడు. గొంతు తగ్గిందంటే కోత పెద్దదవుతోందని గుర్తు.

"ఇప్పుడు చెప్పేది నవ్వులాట కాదు. ఆ పాట రెండో చరణంలో వయొలిన్ ఒకచోట జారుతుంది. గమనించారా? ఎవరూ గమనించి ఉండరు. ప్రతిసారీ అక్కడే. ఎందుకు జారుతోంది? పదకొండుసార్లు విన్నాను. విల్లు తీగ మీద నూలుపోగంత పక్కకి పడుతోంది. ఎందుకు పడుతోంది? ఎదురుగా కాగితం మీద రాసింది ఆయనకి ఆనడం లేదు. నలభై దాటిన చూపు. ప్లస్ ఒకటింబావు!"

"పాట విని సైటు చెప్పావా!"

"చెప్పి ఊరుకోలేదమ్మా. మన వృత్తి ధర్మం ఒకటుంటుందిగా. కళ్ళజోడు చేశాను. తేలిక ఫ్రేము, ముక్కు మీద జారనిది. ఆదివారం ఉదయం దాన్ని కుడి డబ్బా ముందు, మడతలు విప్పి, అద్దాలు లోపలి వైపుకి పెట్టి, పాట వేశాను. రెండో చరణం వచ్చింది. ఊపిరి బిగబట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జారలేదు! ముప్పై ఏళ్ళుగా తప్పుతున్న స్వరం గీత గీసినట్టు పడింది. పాట అయ్యాక, దేవుడి మీద ఒట్టు, కుడి డబ్బాలోంచి ఎవరో మెల్లిగా 'హమ్మయ్య' అన్నారు."

మాస్టారు రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. అంత కోతకి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి.

"అన్నా," అన్నాడు డ్రైవరు, "ఇంత అయ్యాక మేం వినకపోతే ఎలా? మా చెవులేం పాపం చేశాయి?"

"వినిపించనన్నానా? పదండి, ఇప్పుడే! అక్కా, ఇంకో పావుగంటకి కొట్టు కట్టేస్తావుగా, నువ్వూ రా. ఇవాళ ఆ కళ్ళజోడు బయట పెట్టడం కాదు, డబ్బా గుడ్డ విప్పి కోనుకే తగిలిద్దాం. నా బావమరిది ఉండనే ఉన్నాడు, పనిముట్లతో సహా. చూడండి, సంచి కూడా తెచ్చుకున్నాడు!"

బావమరిది సంచి వెనక్కి లాక్కున్నాడు. "ఇవాళ వద్దు బావా. ఇంట్లో అక్కకి చెప్పకుండా ఇంతమందిమి..."

"మీ అక్కకి నేను చెప్తాలేరా, లే."

అందరూ లేచారు. అప్పుడు కనిపించింది మేనకోడలు, బెంచీ వెనకాల, బిస్కట్ల సీసాల పక్కన. ఎంతసేపటి నుంచి నిలబడిందో. మామయ్య ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వచ్చినట్టుంది. గుడ్డ విప్పుదామన్న మాట విన్నదని ఆ పిల్ల మొహమే చెబుతోంది.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. "బావా, ఆ కుడి డబ్బాలో కోను లేదు," అన్నాడు అతను. "నేనే విప్పాను. శుభ్రం చేద్దామని విప్పితే చెయ్యి జారి చిరిగింది. నీకు చెప్పడానికి..."

"మామయ్య అబద్ధం చెప్తున్నాడు నాన్నా."

పిల్ల గొంతు సన్నగా ఉంది గానీ వణకలేదు.

"నేను నొక్కాను. లోపలికి పోయింది. లాగితే చిరిగింది. మామయ్య పట్టుకెళ్ళి బాగుచేశాడు. అది ఆ సంచిలో ఉంది. ఆ డబ్బాలో ఏమీ లేదు. అప్పట్నుంచీ ఏమీ లేదు."

డ్రైవరు నోటి దాకా వచ్చిన నవ్వుని టీ అక్క మోచేతితో పొడిచి ఆపింది. మాస్టారు విప్పాల్సిన పని లేని పేపరు విప్పారు.

కళ్ళజోళ్ళ కొట్టాయన మెల్లిగా బెంచీ మీద కూర్చున్నాడు. కూతురి వైపు చూశాడు. ఏమీ అనలేదు. పిల్ల చెయ్యి వచ్చి మామయ్య చొక్కా అంచు పట్టుకుంది. పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నా టీ అక్క కదల్లేదు.

"ఏ రోజు?" అన్నాడు చివరికి.

"పోయిన వారం కాదు, అంతకుముందు గురువారం."

ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. చార్జరు మార్చింది దానికి ముందు. రబ్బర్లు తర్వాత. కేబులు సైటు తర్వాత. దోమ తర్వాత. కళ్ళజోడు మొన్న ఆదివారం. మడిచిన వేళ్ళు ఒక్కొక్కటే తిరిగి విప్పుకుని, అరచెయ్యి చూసుకున్నాడు. గడ్డం కింద ఏదో కదిలింది. బావమరిదికి అది ఏడుపో నవ్వో తెలియలేదు.

"విన్నారా?" అన్నాడు, ఒక్కసారిగా లేచి. "విన్నారా మాస్టారూ? ఉన్న డబ్బాలోంచి ఎవడైనా వింటాడండీ, అదేం గొప్ప! లోపల ఏమీ లేని డబ్బాలోంచి వయొలిన్ వినిపించిన చెవులివి. ఎక్కడైనా ఉన్నాయా? ఈ సంగతి ఇవాళ నా కూతురు నిజం చెప్పబట్టి బయటపడింది గానీ, లేకపోతే నా గొప్పతనం నాకే తెలియకుండా పోయేది!"

కొట్టు గొల్లుమంది. పిల్ల ముందు తండ్రి మొహం చూసి, తర్వాత మామయ్య మొహం చూసి, చొక్కా వదిలేసింది.

"ఇటు రా తల్లీ," అని దగ్గరికి తీసుకున్నాడు ఆయన. "నొక్కితే ఎలా ఉంది?"

"మెత్తగా ఉంది నాన్నా," అంది పిల్ల నిజాయితీగా.

"అవునా! నాకూ కొన్న రోజు నుంచీ నొక్కాలనే ఉంది."

టీ అక్క పొంగిన పాలు దించి, మసిగుడ్డతో పొయ్యి తుడుస్తూ అంది: "అన్నయ్యా, ఖాళీ డబ్బాలోంచే అంత బాగా వినిపిస్తుంటే, మరింక ఆ సంచిలోది బిగించడం దేనికి? అనవసరంగా వయొలిన్‌కి అడ్డం. తీసి అవతల పారెయ్యమని చెప్పు మీ బావమరిదికి."

కళ్ళజోళ్ళ కొట్టాయన అటూ ఇటూ చూసి, బావమరిది చేతిలోంచి సంచి తీసుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాడు.

"నువ్వు టీ సంగతి చూసుకో అక్కా," అని, కూతురి వైపు తిరిగి, "పద, పద. మరలు మీ మామయ్య బిగిస్తాడు, టార్చి నువ్వు పట్టుకోవాలి," అంటూ గబగబా రోడ్డు దాటాడు.