రెండు గంటల దగ్గర ఆగిన లెక్క

రేపు రియాక్టర్ నడవాలంటే ఈ రిపోర్టు మీద వదిన సంతకం పడాలి. భద్రతా విభాగంలో తన గదిలో కూర్చుని, మరిది తెచ్చిన ఆ రిపోర్టును ఆమె చివరి పేజీ నుంచి తిరగేస్తోంది.

“గ్రాఫంతా పచ్చగా ఉంది చూడండి వదినా! ప్రమాదం జరిగినా లోపల హైడ్రోజన్ అంటుకోదు.”

“రియాక్టర్ గదినిండా ఆవిరి కమ్మేసి ఉంటే ఎలా అంటుకుంటుంది నాయనా? ఆ ఆవిరి మీద చన్నీళ్లు చల్లే పంపులు ఎప్పుడు మొదలవుతాయి?”

“ప్రమాదం జరిగిన రెండు గంటల పది నిమిషాలకి.”

“నీ లెక్క ఎక్కడ ఆగింది?”

“రెండు గంటలకి. పాపం, కంప్యూటర్ మీద భారం ఎక్కువై...”

“అలసిపోయిందా? కాఫీ ఇవ్వలేకపోయావా? ఆవిరి నీరైపోతే మిగిలేది భగ్గుమనే హైడ్రోజనేగా! ఇంటర్వెల్లోనే శుభం కార్డు వేసేశావు. నీది లెక్క కాదు, లెక్కలేనితనం.”

“ఇలా తీసిపారేస్తున్నారని అన్నయ్యతో చెబుతాను.”

“చెప్పు. రేపు ఆ కంట్రోల్ రూములో డ్యూటీ మీ అన్నయ్యదే.”

మరిది గబుక్కున రిపోర్టు వెనక్కి తీసుకోబోయాడు. వదినకు అనుమానం వచ్చింది.

“లెక్కని ఇంకో అరగంట నడిపి చూడలేదా?”

“చూశాను.”

“ఏమైంది?”

“గ్రాఫు ఎర్రబడింది. అందుకే రెండు గంటల దగ్గర కత్తిరించాను.”

ఆమె కలానికి మూత పెట్టేసింది.

“నువ్వు లెక్కని ఆపావు. నేను రియాక్టర్నే ఆపుతున్నాను. వెళ్లి ఆ ఎర్ర గ్రాఫు పట్టుకురా. మీ అన్నయ్యకి నువ్వే చూపిద్దువుగాని.”